విద్వేష దాడి తరువాత సాగే జీవితాన్ని ఫొటోల్లో నమోదు చేయడం ఎలా

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. పదహారేళ్ల తరువాత, ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న తీర్పు చెప్పి 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు శిక్ష విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసి నిందితులందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఇలాంటి తేదీలు వచ్చినప్పుడు ఊళ్లోకి కెమెరాలు వస్తాయి, మర్నాడు వెళ్లిపోతాయి. ఒక తేదీకీ మరో తేదీకీ నడుమ ఆ కుటుంబాలు ఎవరి పొలంలో కూలికి వెళ్లాయి, పిల్లలను ఎక్కడ చదివించాయి, రాజీ పడమని వచ్చిన పెద్దమనుషులకు ఏం జవాబు చెప్పి పంపాయి అన్న సంగతులు ఫొటోల్లోకి ఎక్కడం చాలా అరుదు. ఈ నడిమి కాలాన్ని నమోదు చేయాలని గట్టిగా అనుకునేవారికి, వాళ్లు పత్రికా ఫొటోగ్రాఫర్లయినా, విద్యార్థులయినా, హక్కుల సంఘాల్లో పనిచేసేవారయినా, పనికొచ్చే విషయాలను ఇక్కడ చెబుతున్నాను.

మొదట ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. దాడి జరిగిన రోజు తీసే ఫొటోకు వార్తాపత్రిక గడువు విధిస్తుంది. కోలుకునే కాలానికి గడువు విధించే అధికారం బాధితులకు తప్ప ఇంకెవరికీ లేదు. ఎప్పుడు తీయాలి, ఏది తీయకూడదు, తీసినదాన్ని ఎవరికి చూపాలి అన్న ప్రతి విషయంలోనూ వాళ్ల మాటే చెల్లాలి. ఈ షరతుకు ఇష్టపడలేనివారు ఈ పని ఎత్తుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

కెమెరాకు ముందు కాగితాలు

ఊరికి వెళ్లేముందు ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, తీర్పు వచ్చి ఉంటే దాని పూర్తి పాఠం, హక్కుల సంఘాల నిజనిర్ధారణ నివేదికలు, ఆనాటి పత్రికలు దొరికినంతమేరకు చదవండి. బాధితులు జరిగినదాన్ని పోలీసులకు, మేజిస్ట్రేటుకు, వకీళ్లకు, విలేకరులకు ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. చెప్పిన ప్రతిసారీ ఆ రోజులోకి తిరిగి వెళ్లి వస్తారు. కాగితాల్లో దొరికే విషయం కోసం మళ్లీ వాళ్ల నోరు తెరిపించడం అన్యాయం.

చదవడం వల్ల మరో ప్రయోజనం కూడా ఉంది. దేన్ని ఫొటో తీయాలో అక్కడే తెలుస్తుంది. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో ఆరుగురు దళితుల హత్యకు దారితీసిన గొడవ, మాదిగపల్లె జనం తాగే నీళ్ల చెరువును మలినం చేస్తుంటే ఒక దళిత మహిళ అడ్డు చెప్పడంతో మొదలైంది. ఆ సంగతి తెలిసి వెళ్లిన ఫొటోగ్రాఫర్ కుళాయిని, బిందెను, చెరువుగట్టును చూసే తీరు వేరుగా ఉంటుంది. తెలియకుండా వెళ్లినవాడికి అవి గ్రామీణ దృశ్యాలుగానే కనిపిస్తాయి.

కేసు ఏ దశలో ఉందో కూడా కచ్చితంగా తెలుసుకోవాలి. మన దేశమంతటికీ వర్తించేలా విద్వేష నేరం పేరుతో విడిగా ఒక నేరం లేదు. కులం కారణంగా ఎస్సీ, ఎస్టీలపై జరిగే దాడులకు 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. మతం కారణంగా జరిగినవాటికి సాధారణ శిక్షాస్మృతి సెక్షన్లే దిక్కు. అమెరికాలో ఇందుకోసం 2009లో ప్రత్యేకంగా ఒక ఫెడరల్ చట్టం తెచ్చారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతేలో హైదరాబాదుకు చెందిన ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపిన వ్యక్తికి 2018లో మొదట రాష్ట్ర కోర్టు, ఆ తరువాత విద్వేష నేరం కింద ఫెడరల్ కోర్టు యావజ్జీవ శిక్షలు వేశాయి. ఏడాదిన్నరలో తీర్పు చూసిన కుటుంబం కోలుకునే తీరుకూ, ఇరవై మూడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి చివరకు నిర్దోషులన్న మాట విన్న పల్లె కోలుకునే తీరుకూ పోలిక ఉండదు. ఒకచోట తీసిన ఫొటోల వరుసను మనసులో పెట్టుకుని మరోచోట అవే వెతకకండి.

ఎవరి వెంట వెళ్తారు, ఎవరింట్లో కూర్చుంటారు

పల్లెలో మీ మొదటి అడుగును అందరూ గమనిస్తారు. పోలీసుల వెంట వచ్చారా, పార్టీ నాయకుడి కారులో దిగారా, ఊళ్లోని పెద్ద కులాల వీధిలో బండి ఆపి అక్కడ మంచినీళ్లు తాగి వచ్చారా అన్నది మీరు పల్లెలోకి అడుగుపెట్టేలోపే తెలిసిపోతుంది. బాధితులు నమ్మిన మనిషి ద్వారా, అంటే కేసు చూసే వకీలు, పోరాట కమిటీ సభ్యుడు, పాస్టరు, టీచరు లాంటివారి ద్వారా వెళ్లడం మేలు. అయితే ఆ మధ్యవర్తి సరేనన్నంత మాత్రాన ఇంట్లోవాళ్లంతా ఒప్పుకున్నట్టు కాదు. కమిటీ నాయకుడు ఉత్సాహంగా పిలిచి ఫొటో తీయమన్న వితంతువు, ఆయన ముందు కాదనలేక కొంగు సర్దుకుని కూర్చోవచ్చు. ఆమెతో విడిగా మాట్లాడే అవకాశం దొరికేదాకా కెమెరా బయటికి తీయకండి. మొదటి కొన్ని సార్లు కెమెరా లేకుండానే వెళ్లిరండి.

అనుమతి ఒక్క సంతకంతో తేలేది కాదు. ఫొటో తీయడానికి, ఇంట్లోవాళ్లకు చూపడానికి, ఊరి సభలో పెట్టడానికి, నగరంలో ప్రదర్శించడానికి, పత్రికలో వేయడానికి, ఇంటర్నెట్‌లో ఉంచడానికి విడివిడిగా అడగాలి. చివరిది అడిగేటప్పుడు, ఒకసారి అక్కడికి చేరిన ఫొటోను మీరు కూడా వెనక్కి తేలేరని ఉన్నదున్నట్టు చెప్పాలి. పత్రం తెలుగులో, వాళ్లు మాట్లాడుకునే మాటల్లో ఉండాలి. చదవడం రానివారికి, వాళ్లు నమ్మినవారెవరైనా చదివి వినిపించాలి. ఎప్పుడైనా మనసు మార్చుకునే హక్కు వాళ్లకు ఉందని అందులో రాయాలి. ఆ మాట నిలబెట్టుకునే వీలు మీకు ఉండాలంటే, పత్రికతోనో గ్యాలరీతోనో మీరు చేసుకునే ఒప్పందంలో కూడా అదే షరతు ముందే రాయించుకోవాలి.

ఇంత పట్టింపు ఎందుకో రెండు ఉదాహరణలు చెబుతాను. 2002లో అహ్మదాబాద్‌లో, మూకల నడుమ చిక్కి, చేతులు జోడించి కాపాడమని వేడుకుంటున్న ఒక దర్జీ ఫొటోను రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ తీశారు. అది దేశమంతా చేరింది. ఆ ముఖం అందరికీ తెలిసిపోవడంతో ఆయన పనులు పోగొట్టుకున్నాడు, కొంతకాలం ఊరే విడిచి వెళ్లవలసి వచ్చింది, తన అనుమతి లేకుండా ఎన్నికల ప్రచారాల్లో తన ముఖాన్ని చూసుకున్నాడు. ఫొటో నిజమే చెప్పింది, ప్రపంచానికి మేలే చేసింది, కానీ దాని బరువు ఆ ఒక్క మనిషి మోశాడు. రెండోది జపాన్‌లోని మినమాటలో పాదరసం విషానికి గురైన అమ్మాయిని తల్లి స్నానం చేయిస్తుండగా అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ 1971లో తీసిన ఫొటో. లోకప్రసిద్ధమైన ఆ ఫొటోను, ఆ కుటుంబం ఇక చాలని కోరుకోవడంతో, హక్కులున్న ఆయన మాజీ భార్య ఐలీన్ స్మిత్ 1990ల చివర్లో ప్రచురణ నుంచి ఉపసంహరించారు. అది విద్వేష నేరం కాదు, కానీ పాతికేళ్ల తరువాత కూడా కుటుంబం మాట వినవచ్చని ఆమె చేసి చూపారు.

ఏది తీయాలి

దాడి జరిగిన స్థలం, మచ్చలు, సమాధులు, ఏడుపు అందరూ తీస్తారు. వాటిలో కొన్ని అవసరమే. కానీ మనుషులు కోలుకునేది ఎక్కువగా వాయిదాల్లో, కూలిపనుల్లో, కాగితాల్లో, నీళ్ల దగ్గర, బడి దగ్గర.

వాయిదా రోజునే తీసుకోండి. తెల్లవారకముందే అన్నం వండి క్యారియరు సర్దడం, పనికి పోలేదు కాబట్టి ఆ రోజు కూలి పోవడం, బస్సు కోసం నిలబడడం, కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుని బంట్రోతు పేరు పిలుస్తాడేమోనని చెవి అటే ఒగ్గి ఉండడం, నిందితుల తరఫువాళ్లు అదే ఆవరణలో పది గజాల దూరంలో టీ తాగుతుండడం, మధ్యాహ్నానికి మళ్లీ వాయిదా పడిందని తెలిసి ఇంటిదారి పట్టడం. ఈ రోజంతా ఆ మనిషి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. వాన తడపకుండా మూతి ముడివేసిన ఆ కవర్లో ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, సమన్లు, ఆధార్ జిరాక్సులు, కలెక్టరుకు పెట్టుకున్న అర్జీలు ఉంటాయి. మడతల దగ్గర కాగితం చిరిగి, వెనక టేపు అంటించి ఉంటుంది. అడిగి, ఆ కవరును విప్పేటప్పుడు చేతులతో సహా తీయండి. పేర్లు, చిరునామాలు ఫ్రేములో పడకుండా కాగితాలు తిప్పి పెట్టమనండి. కన్నీళ్ల దగ్గరి షాట్ కంటే ఈ ఒక్క ఫొటో న్యాయం కోసం ఎదురుచూడడం అంటే ఏమిటో ఎక్కువగా చెబుతుందని నేను నమ్ముతాను.

ప్రభుత్వ పరిహారం కేసు దశలను బట్టి విడతలుగా వస్తుంది. ఆ డబ్బుతో వేసిన రేకుల కప్పు, కొన్న గేదె, కట్టిన కాలేజీ ఫీజు, సగంలో ఆగిపోయిన గోడ ఇవన్నీ ఈ కథలో భాగమే. సాంఘిక బహిష్కరణ జరిగినచోట దాన్ని ఫొటో తీయడం కష్టం, ఎందుకంటే అక్కడ జరగనిదాన్ని చూపాలి. కూలికి పిలవని పొలం, కౌలుకు ఇవ్వని భూమి, సరుకు అమ్మని కొట్టు. ఇలాంటప్పుడు పక్క ఊరికి పనికి పోయే ఆటోను, అందులో కిక్కిరిసిన ఆడవాళ్లను, పక్క ఊరి సంతలో మోసుకొచ్చే సంచులను వారాల తరబడి వెంబడిస్తే ఆ లేమి కనబడుతుంది.

వలస పోయినవారు కోలుకునే తీరు వేరు. కారంచేడు బాధితులు చీరాల చేరి శిబిరంలో ఉన్నారు. తరువాత అక్కడే విజయనగర్ కాలనీలో ఇళ్లు ఏర్పడ్డాయి. అలాంటి కాలనీలో పుట్టిన పిల్లలకు అదే సొంత ఊరు. తాత పుట్టిన ఊరిని పెళ్లిపత్రికలో రాస్తారా లేదా, ఎన్నికలప్పుడో చావు జరిగినప్పుడో ఎవరైనా అటు వెళ్తారా, పాత ఇంటి జాగాలో ఇప్పుడేముంది అన్నవి ఏళ్ల తరబడి చేయదగిన పనికి చాలినంత విషయాలు.

పరాయి దేశంలోనూ కాగితాలే కథ నడిపిస్తాయి. శ్రీనివాస్ మరణంతో ఆయన భార్య సునయన దుమాల దుఃఖంతో పాటు వీసా చిక్కును కూడా ఎదుర్కొన్నారు. భర్త వీసా మీద ఆధారపడిన ఆమెకు ఆ దేశంలో ఉండే హోదాయే పోయింది. అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చిన మనిషి తిరిగి తన ఇంటికి వెళ్లగలదో లేదో తెలియని పరిస్థితి. తరువాత ఆమె అక్కడికే తిరిగి వెళ్లి, వలసవచ్చినవారి పక్షాన మాట్లాడేందుకు ‘ఫరెవర్ వెల్కమ్’ సంస్థను మొదలుపెట్టారు. అదే కాల్పుల్లో గాయపడ్డవారు ఇద్దరున్నారు, ఒకరు స్నేహితుడు, మరొకరు అడ్డుపడబోయిన అమెరికన్ యువకుడు. ఒకే దాడి దెబ్బతీసిన ఈ ముగ్గురూ, సునయన, ఆ ఇద్దరూ, మూడు తీర్ల కోలుకుంటారు. ముగ్గురిని ఒకే భావంలో ఇరికించే వరుస పేర్చకండి.

సంతోషాన్నీ తీయండి. పెళ్లిలో నవ్వినవారు, పండక్కి కొత్త చీర కట్టుకున్నవారు మరిచిపోయారని కాదు. కోపాన్ని కూడా వదలకండి. ఎవరినీ క్షమించనని ముఖం మీదే చెప్పే మనిషి కూడా కోలుకుంటున్న మనిషే.

చనిపోయినవారి ఫొటో

చాలా ఇళ్లలో చనిపోయినవారి ఫొటో ఒకటే ఉంటుంది. రేషన్ కార్డు నుంచో, పెళ్లిలో తీసిన గుంపు ఫొటో నుంచో ముఖం కత్తిరించి, పెద్దది చేయించి, దండ వేసి గోడకు తగిలిస్తారు. దానికి మంచి నకలు తీసి ఇవ్వడం మీరు ఆ ఇంటికి చేయగల మొదటి ఉపకారం. కిటికీ పక్కన, నేరుగా ఎండ తగలని వెలుగులో ఫొటోను నిలబెట్టి, కెమెరాను దానికి సరిగ్గా ఎదురుగా, ఏ పక్కకూ వాలకుండా పెట్టి, ఫ్లాష్ లేకుండా తీయండి. అద్దంలో మీ నీడ పడుతుంటే కెమెరా వెనక నల్లటి గుడ్డ పట్టించండి. పాత ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే ఊడదీయవద్దు, రంగుపొర అద్దంతోనే లేచి వస్తుంది. ముఖాన్ని తెల్లగా చేయడం, చొక్కా మార్చడం లాంటి స్టూడియో మార్పులు వాళ్లు అడిగితే తప్ప చేయకండి, అడిగి చేసినా అసలు నకలు విడిగా దాచండి.

వెలుగు, దూరం, ముఖం

చిన్న ఇళ్లలో 35 ఎం.ఎం. లెన్స్ చాలు. దూరం నుంచి జూమ్‌తో లాగి తీయడం ఇలాంటి చోట పొంచి చూడడమే అవుతుంది. కెమెరా పట్టుకున్నట్టు వాళ్లకు తెలియాలి, వద్దంటే అందేంత దగ్గరలో మీరు ఉండాలి. ఫ్లాష్ వాడకండి. దాడిని ఎదుర్కొన్నవారికి హఠాత్తుగా మెరిసే వెలుగు, చప్పుడు ఒంటిని అదరగొట్టవచ్చు. చప్పుడులేని షట్టర్ ఉంటే పెట్టుకోండి, అయితే దాన్ని చాటుగా తీయడానికి వాడుకోకండి. మాట్లాడించేటప్పుడు తలుపు కనిపించేలా, లేచి వెళ్లిపోయే దారి మీరు అడ్డుకోకుండా, వాళ్లకు నచ్చిన చోట కూర్చోనివ్వండి.

తెల్లసున్నం గోడ ముందు నల్లని ముఖం ఉంటే కెమెరాలో వెలుగు కొలిచే మీటరు గోడను చూసి మోసపోయి ముఖాన్ని చీకటి చేస్తుంది. ముఖానికే మీటరు పెట్టండి, లేదా అవసరాన్ని బట్టి ఒక స్టాప్ దాకా, అంటే రెట్టింపు దాకా, వెలుగు పెంచండి. గోడ కొంచెం తెల్లబోయినా ఫరవాలేదు. దళిత, ఆదివాసీ ముఖాలను చీకటి ముద్దలుగా అచ్చువేసిన ఫొటోలు చాలానే చూశాం, కళ్లు, ముడతలు, చర్మపు నిగారింపు కనబడేలా తీయడం గౌరవానికి సంబంధించిన విషయం. నలుపు తెలుపుల్లో తీస్తే గంభీరంగా ఉంటుందన్న మాటను నేను ఒప్పుకోను. అది ఇవాళ్టి జీవితాన్ని గతంలోకి తోసేస్తుంది. రంగుల్లోనే తీయండి.

ముఖం కనిపించకూడదన్నవారిని తీసేటప్పుడు, తరువాత కంప్యూటర్లో మసకబార్చవచ్చులే అని పూర్తి ముఖంతో తీసుకోవద్దు. మసకలేని ఫైలు ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది. వెనక నుంచి, చేతుల దాకా, నీడగా తీయండి. అప్పుడు కూడా చీర, గాజులు, పచ్చబొట్టు, తలుపు రంగు, ఇంటి నంబరు, బండి నంబరు ఊళ్లోవాళ్లకు మనిషిని పట్టిచ్చేస్తాయి. ఫొటోను ఆ ఊరి మనిషి కళ్లతో చూసి సరిచూసుకోండి. కెమెరాలో, ఫోనులో జీపీఎస్ ఆపివేయండి, పంపేముందు ఫైలులోని స్థల సమాచారాన్ని తొలగించండి.

చట్టం గీసిన గీతలు

లైంగిక దాడికి గురైనవారి గుర్తింపు బయటపెట్టడాన్ని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 నిషేధిస్తుంది. కేసులో ఉన్న పిల్లల విషయంలో బాలల న్యాయ చట్టం సెక్షన్ 74, పోక్సో చట్టం సెక్షన్ 23 ఇలాగే అడ్డుపడతాయి. తల్లిదండ్రులు సరేనన్నా, పద్దెనిమిదేళ్లలోపు పిల్లల ముఖం వేయకపోవడమే నా సలహా. అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. అందులోని సెక్షన్ 15ఎ బాధితులకు, సాక్షులకు రక్షణ పొందే హక్కు ఇచ్చింది, సాక్షుల పేర్లు, చిరునామాలు దాచమని కోర్టు ఆదేశించవచ్చు కూడా. సాక్షులను తీసేముందు ఆ ఆదేశం ఉందేమో ప్రాసిక్యూటరును లేదా బాధితుల వకీలును అడగండి. కోర్టు హాల్లో కెమెరా ఎత్తకూడదు. ఆవరణలో తీయాలన్నా ముందుగా అనుమతి తీసుకోండి.

విచారణ సాగుతుండగా తీసే ఫొటోతో ఎవరూ పెద్దగా పట్టించుకోని ప్రమాదం ఒకటుంది. సాక్షి దాడి సమయంలో ఎక్కడ నిలబడ్డాడో చూపమని అడిగి, అక్కడ నిలబెట్టి ఫొటో తీశారనుకోండి. కోర్టులో చెప్పిన చోటుకూ మీ ఫొటోలోని చోటుకూ రెండడుగుల తేడా ఉన్నా, క్రాస్ ఎగ్జామినేషన్లో ఎదుటి వకీలు ఆ ఫొటోనే ముందు పెడతాడు. కాబట్టి సాక్ష్యం ముగిసేదాకా సంఘటనను అభినయించమని అడగకండి, సాక్ష్యానికి సంబంధించిన విషయాలను వ్యాఖ్యల్లో రాయకండి. టెస్ట్ ఐడెంటిఫికేషన్ పరేడ్, అంటే సాక్షులు గుంపులోంచి నిందితులను గుర్తుపట్టే పరీక్ష, జరగకముందు నిందితుల ఫొటోలు ప్రచురించడం కూడా కేసును దెబ్బతీస్తుంది. అసలు రా ఫైళ్లను, అంటే కెమెరా నమోదు చేసిన మూల ఫైళ్లను, మార్పు లేకుండా రెండు చోట్ల, తాళం వేసిన డ్రైవుల్లో దాచండి. ఏదో ఒకనాడు మీ ఫొటో బాధితులకే సాక్ష్యంగా పనికిరావచ్చు. అప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఇచ్చే ధ్రువపత్రం మీద నిపుణుడితో పాటు మీరూ సంతకం చేయవలసి రావచ్చు.

ఏరడం, వ్యాఖ్య రాయడం

ఏరిన ఫొటోలను చిన్న ప్రింట్లు వేసి ఆ ఇంటికే తీసుకువెళ్లి నేల మీద పరచండి. ఫోను తెరమీద చూపితే ముసలివాళ్లకు కనబడదు, వేలితో తోసేస్తే వెళ్లిపోతుంది. నేల మీద పరిచిన ప్రింట్లను చేతిలోకి తీసుకుంటారు, పక్కవాళ్లను పిలుస్తారు, ఇది వద్దని తిరగేసి పెడతారు. తిరగేసినదాన్ని అక్కడే పక్కన పెట్టేయండి, కారణం అడగనక్కరలేదు. ఏ ఫొటో పక్కన ఏది రావాలో కూడా వాళ్లనే పేర్చమనండి. మీరు ఊహించని క్రమం వస్తుంది.

వరుసను శవంతోనో రక్తంతోనో మొదలుపెట్టవద్దు. మిర్యాలగూడలో 2018లో జరిగిన పరువు హత్య సీసీ కెమెరా దృశ్యాలను టీవీలు పదేపదే చూపాయి. ఆ కుటుంబం ఎన్నిసార్లు ఆ చావును చూడవలసి వచ్చిందో ఆలోచిస్తే చాలు, మన వరుసలో ఏం ఉండకూడదో తెలుస్తుంది.

వ్యాఖ్యలో తేదీ, ఊరు, ఏం జరిగింది, ఎవరి మీద ఏ నేరారోపణ ఉంది, కోర్టు ఇప్పటిదాకా ఏం చెప్పింది అన్నవి సూటిగా రాయండి. కింది కోర్టు శిక్ష వేసి పై కోర్టు కొట్టేసినచోట రెండూ రాయాలి, అప్పీలు వెళ్లి ఉంటే అదీ రాయాలి. కులం పేరు దాచి గ్రామంలో ఘర్షణ అని రాయడం నిజాన్ని కప్పిపెట్టడమే. బాధితుల మాటలను వాళ్ల యాసలోనే ఉంచి, అచ్చుకు ముందు వాళ్లకు చదివి వినిపించండి.

డబ్బు విషయం ముందే తేల్చుకోవాలి. ఫొటోకింత అని ఇవ్వడం వద్దు. ఇచ్చేది ఆశించి ఒప్పుకునే స్థితి వస్తుంది, రేపు కోర్టులో ఎదుటిపక్షానికి ఆయుధమూ అవుతుంది. కానీ మీ కోసం పని మానుకున్న రోజుకు కూలి నష్టపోనివ్వకూడదు. అందుకే పనివేళల్లో కాక, వాళ్లు పని ముగించుకుని వచ్చాక వెళ్లడం అలవాటు చేసుకోండి. ఫొటోలకు బహుమతో, పుస్తకరూపమో వచ్చి డబ్బు చేరితే అందులో వాటా ఎవరికి, ఎంత అన్నది మొదటి ఏడాదే కాగితం మీద పెట్టండి.

చివరగా, ఈ ఫొటోలు ఎవరి దగ్గర ఉండాలి అన్న విషయం. కుటుంబానికి ప్రింట్లతో పాటు ఫైళ్ల నకలు ఉన్న డ్రైవు ఇవ్వండి, కమిటీ ఉంటే వాళ్లకూ మరొకటి ఇవ్వండి. అనుమతి ఇచ్చిన మనిషి చనిపోతే నిర్ణయం ఎవరిది, మీరు చనిపోతే ఫైళ్లు ఎవరికి చేరాలి, చిన్నప్పుడు ఫొటో దిగిన పిల్లలు పెద్దయ్యాక వద్దంటే ఏం చేయాలి అన్నవి అనుమతి పత్రంలోనే రాసుకోండి. ఆ పిల్లలకు పద్దెనిమిది నిండిన ఏడాది వాళ్లను కలిసి, వాళ్ల ఫొటోలు వాళ్ల ముందు పెట్టి, మళ్లీ కొత్తగా అడగండి.